కపటాన్ని పట్టిచ్చే సినిమాలకు ఓటీటీ చందా: ఎంత కట్టాలి, ఏం చూడాలి, ఎక్కడ ఆపాలి

ముందుగా తీర్పు చెప్పేస్తాం. పైకి ఒకటి చెప్పి లోపల ఇంకొకటి చేసేవాళ్లను గుర్తుపట్టడం, వాళ్ల ఎదుట నోరు విప్పడం అన్న విషయం మీద ఇంటిల్లిపాదీ కూర్చుని మంచి సినిమాలు, సిరీస్‌లు చూడాలనుకుంటే ఓటీటీ చందా కట్టొచ్చు, డబ్బు వృథా కాదు. కానీ ఏడాది చందా అక్కర్లేదు. నాలుగు యాప్‌లు ఒకేసారి అసలే అక్కర్లేదు. నెలకు ఒకటి చొప్పున మార్చుకుంటూ పోతే చాలు, పైగా మొదటి నెలకు పైసా ఖర్చు లేదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోని కుటుంబాలు, కాలేజీ సినిమా బృందాలు, పిల్లలకు సినిమాలు చూపించే టీచర్లు మా దృష్టిలో ఉన్నారు.

మొదటి నెల యూట్యూబ్. 1955లో వచ్చిన ‘కన్యాశుల్కం’ అక్కడ ఉచితంగా దొరుకుతుంది. పి. పుల్లయ్య దర్శకత్వం, గిరీశంగా ఎన్టీఆర్, మధురవాణిగా సావిత్రి. దీన్ని ముందు పెట్టడం ఊరి మీద అభిమానంతో మాత్రమే కాదు. గురజాడ నాటకం తెర లేచేదే విజయనగరం బొంకులదిబ్బ దగ్గర, 1892లో మొదట ఆడిందీ ఈ ఊళ్లోనే. 1897లో అచ్చయింది, 1909లో బాగా పెంచి తిరగరాశారు. మొదటి ముద్రణకు రాసిన ముందుమాటలో గురజాడ కొన్ని అంకెలు ఇచ్చారు. విజయనగరం మహారాజావారు చేయించిన విచారణలో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1,034 కన్యాశుల్కపు పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయి. ఆ పెళ్లికూతుళ్లలో 99 మందికి ఐదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఏడాది. సినిమా మొదలెట్టే ముందు ఈ అంకెలు పైకి చదవండి. తర్వాత గిరీశం మాటలకు నవ్వు రాకుండా ఉండదు, కానీ ఆ నవ్వు ఎక్కడ ఆగాలో పిల్లలకు వాళ్లంతట వాళ్లకే తెలుస్తుంది.

గిరీశం పాత్రలో గమనించాల్సింది అతని అబద్ధాలను కాదు. అతను చెప్పేవాటిలో చాలావరకు సరైన మాటలే. వితంతువుకు మళ్లీ పెళ్లి చేయాలన్నది మంచి మాటే. ఆ మాటను అతను అద్దెకు తెచ్చుకున్నాడు, అంతే. పూటకూళ్లమ్మ డబ్బు తిని, ఆవిడ చీపురు పట్టుకొచ్చేసరికి మధురవాణి ఇంట్లో మంచం కింద దూరేవాడే అగ్రహారానికి వెళ్లి సంస్కర్త అవతారం ఎత్తుతాడు. కపటాన్ని పట్టుకోవాలంటే మనిషి చెప్పే మాట తప్పా ఒప్పా అని చూస్తే చాలదు, ఆ మాట వల్ల అతనికి ఏం దక్కుతోందో చూడాలి. ఈ ఒక్క సూత్రం తర్వాతి సినిమాలన్నింటికీ పనికొస్తుంది.

ఇక నోరు విప్పేది ఎవరు? ఆ సమాజంలో ఎవరి మాటకు విలువ లేదో ఆ వేశ్య మధురవాణే. వినాల్సిన లాయరు సౌజన్యారావు పంతులు నిజంగానే మంచివాడు. కాకపోతే ఆమెలాంటి వాళ్లతో మాట్లాడకూడదని నియమం పెట్టుకున్న మంచివాడు. అందుకే ఆమె మగవేషంలో వెళ్లాల్సి వస్తుంది. నాటకం చేతిలో ఉంటే ఈ ఘట్టం నాటకంలోనే చదివించండి, అందులో మాటల పదును పూర్తిగా తెలుస్తుంది. ఇక్కడ ఆపి ఒక ప్రశ్న వేయండి: ఆమె తన వేషంలోనే వచ్చి ఉంటే ఆయన తలుపు తీసేవాడా? నిజం బయటకు రాకుండా అడ్డం పడేది చెడ్డవాళ్లు మాత్రమే కాదని, మంచివాళ్లు గీసుకున్న గిరి కూడా అడ్డం పడుతుందని ఈ ఘట్టం చూపించినంత సూటిగా ఇంకే తెలుగు రచనా చూపించలేదని మా అభిప్రాయం.

సాంకేతికంగా మాత్రం ఇబ్బందులున్నాయి. ఈ సినిమా ఒకటికంటే ఎక్కువ చోట్ల అప్‌లోడ్ అయి ఉంటుంది, అన్నీ ఒకేలా ఉండవు. పెట్టే ముందు మొత్తం నిడివి చూసుకోండి, మధ్యలో రెండు మూడు చోట్లకు జరిపి శబ్దం వినండి. పాత ప్రింట్లలో మాట గరగరలాడుతుంది. టీవీ స్పీకర్‌లో బాస్ తగ్గించి మాటలకు ఉండే ‘స్పీచ్’ లేదా ‘వాయిస్’ సెట్టింగ్ పెడితే కాస్త నయం. తనంతట తాను పుట్టించే సబ్‌టైటిళ్లను నమ్మొద్దు, అప్పటి విజయనగరం మాట వాటికి పట్టుబడదు.

దీనికి ఇంకో పెద్ద సౌలభ్యం ఉంది. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. 1955 సినిమాకు ఆ గడువు 2015తో తీరిపోయింది. పాటల సాహిత్యం మీద హక్కుల లెక్క వేరు, కాబట్టి టికెట్ పెట్టి వేయాలనుకునేవాళ్లు లాయరును అడిగాకే వేయాలి. ఓటీటీ చందాలు దీనికి పూర్తిగా భిన్నం. అవి ఇంట్లో సొంతంగా చూసుకోవడానికి ఇచ్చేవి. ఆ లాగిన్‌తో కమ్యూనిటీ హాల్లో, వీధి కూడలిలో తెరకట్టి వేయడానికి వాటి నిబంధనలు ఒప్పుకోవు. నెట్‌ఫ్లిక్స్ తన సొంత డాక్యుమెంటరీల్లో కొన్నింటికి విద్యాసంస్థల్లో ప్రదర్శించే అనుమతి ఇస్తుంది. ఆ డాక్యుమెంటరీ వివరాల పేజీలోనే ఆ సంగతి రాసి ఉంటుంది.

రెండో నెల ప్రైమ్ వీడియో. ఇది రాసేనాటికి నెలకు 299 రూపాయలు, ఏడాదికి 1,499. ఇందులో ‘జై భీమ్’ ఉంది. 2021 నవంబరులో నేరుగా ప్రైమ్‌లోనే విడుదలైంది, తెలుగు డబ్బింగ్ ఉంది. 1993లో తమిళనాడులో జరిగిన కస్టడీ మరణం దీనికి ఆధారం. నిజంగా చనిపోయిన రాజాకన్ను కురవర్ తెగవాడు, సినిమాలో ఇరులర్ అని మార్చారు. ఈ తేడా పిల్లలకు ముందే చెప్పడం మంచిది, లేకపోతే సినిమానే చరిత్ర అనుకుంటారు. లాకప్ హింస చాలాసేపు, చాలా దగ్గరగా చూపించారు. పదహారేళ్లలోపు పిల్లల్ని దీనికి కూర్చోబెట్టొద్దు.

అందరూ కోర్టు వాదనల గురించే మాట్లాడుకుంటారు గానీ ఈ సినిమాలో అసలు పాఠం రోడ్డు మీద ఉంది. స్టేషన్‌కు తెచ్చిన సెంగెనిని, అంటే చనిపోయిన మనిషి భార్యను, గర్భిణిని, పైనుంచి ఫోన్ రాగానే వదిలేస్తారు. అప్పటిదాకా కసిరిన పోలీసులు జీపులో ఇంటి దగ్గర దింపుతాం ఎక్కమని బతిమాలుతారు. ఆమె ఎక్కదు. నడుస్తుంది. వెనకాల జీపు నత్తనడకన వస్తూ ఉంటుంది, ఊరంతా చూస్తుంది. ఆ నడకే ఆమె జవాబు. ఎదురు చెప్పడం అంటే గొంతు చించుకోవడమే అనుకునేవాళ్లకు ఈ దృశ్యం రెండుసార్లు వేసి చూపించాలి. సినిమాకు ఉన్న లోపం కూడా ఇక్కడే తెలుస్తుంది. లాయరు పాత్రకు సూర్య వచ్చేసరికి చప్పట్లన్నీ అటే పోతాయి. సినిమా అయ్యాక ‘ఈ కేసు ఎవరు వేశారు?’ అని అడిగి చూడండి. చాలామంది లాయరు పేరే చెబుతారు. చదువురాని ఆ ఇల్లాలు గడప దాటకపోతే లాయరుకు కేసే లేదన్న సంగతి అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఇదే చందాలో ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ కూడా ఉందేమో వెతకండి. 2021 నాటి మలయాళ సినిమా, దర్శకుడు జియో బేబీ. మొదట ఒక చిన్న కేరళ యాప్‌లో వచ్చి, తర్వాత ప్రైమ్‌కు చేరింది. సబ్‌టైటిళ్లు చదవలేని పెద్దవాళ్లున్న ఇంటికి ఇది భేషైన సినిమా, ఎందుకంటే సగం సినిమాలో మాటలే ఉండవు. తరగడం, రుబ్బడం, తోమడం, తుడవడం. నేపథ్య సంగీతం కూడా దాదాపు లేదు కాబట్టి ఫోన్ స్పీకర్ మీద చూడొద్దు, ఆ చప్పుళ్లే దీని ప్రాణం. భర్త బడిలో పాఠాలు చెప్పే మాస్టారు. ఇంట్లో తిన్న మునక్కాడ పిప్పి కంచం పక్కన బల్ల మీదే ఉమ్మేస్తాడు. ఒకరోజు హోటల్లో మాత్రం పొందిగ్గా తింటాడు. భార్య నవ్వుతూ, బయటైతే మీకు పద్ధతి తెలుసే అంటుంది. అంత చిన్న మాట. అక్కడితో అతని మొహం మారిపోతుంది, చివరికి ఆమె క్షమాపణ చెప్పేదాకా ఊరుకోడు. తిట్టలేదు, కొట్టలేదు, గొంతు కూడా లేవలేదు. నిజం పలికిన మనిషే సారీ చెప్పాల్సిన ఇల్లు ఎలా ఉంటుందో ఆ రెండు నిమిషాల్లో ఉంది. మామగారైతే ఇంకా మెత్తని మనిషి. కుక్కర్లో వద్దమ్మా, అన్నం కట్టెల పొయ్యి మీదే వండమ్మా అని ఎంతో ప్రేమగా చెబుతాడు. కపటానికి కర్కశమైన గొంతే ఉండాలని లేదు. మన జిల్లాల్లో అత్తామామలతో కలిసి చూసే ధైర్యం ఉంటే చూడండి. లేదా కొత్త దంపతులు ఇద్దరే చూడండి, పెళ్లికి ముందైతే మరీ మంచిది.

ప్రైమ్‌తో చికాకు ప్రకటనలు. 2025 జూన్ నుంచి సినిమాల మధ్యలో ప్రకటనలు వస్తున్నాయి, అవి వద్దంటే అదనంగా కట్టాలి. ఇలాంటి సినిమాల్లో ఊపిరి బిగబట్టే చోట సబ్బు ప్రకటన వస్తే అప్పటిదాకా కట్టిన వాతావరణం మొత్తం పోతుంది. పదిమందితో చూసే రోజుంటే ఆ ఒక్క నెలకు అదనపు డబ్బు కట్టేయండి.

మూడో నెల నెట్‌ఫ్లిక్స్. నాలుగు ప్లాన్లున్నాయి: 149, 199, 499, 649. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. 149 ప్లాన్ ఫోన్, ట్యాబ్‌ల మీద మాత్రమే నడుస్తుంది, టీవీకి పంపడం కుదరదు. ఇంట్లో అందరూ చూడాలంటే కనీసం 199 ప్లాన్ కావాలి. పెద్ద టీవీకి 499 ప్లాన్‌లో ఫుల్ హెచ్‌డీ వస్తుంది. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా డేటా పోతుంది. అంటే రోజుకు 1.5 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్ హాట్‌స్పాట్‌తో సగం సినిమా కూడా పూర్తికాదు. ఫైబర్ కనెక్షన్ లేని పల్లెల్లో ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడమే దారి. కొన్ని సినిమాలు చూడటం మొదలెట్టిన 48 గంటల్లో గడువు తీరి మాయమవుతాయి, కాబట్టి బాగుందో లేదో చూద్దామని ముందురోజుల్లో రెండు నిమిషాలు ఆడించొద్దు.

నెట్‌ఫ్లిక్స్‌లో మన పక్క కథ ‘కోర్ట్: స్టేట్ వర్సెస్ ఎ నోబడీ’. 2025 మార్చిలో విడుదలైంది, దర్శకుడు రామ్ జగదీశ్, కథ 2013 నాటి విశాఖపట్నంలో జరుగుతుంది. 19 ఏళ్ల కుర్రాడు, 17 ఏళ్ల అమ్మాయి, మధ్యలో పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసు. శివాజీ చేసిన మంగపతి పాత్ర దీనికి ఆయువుపట్టు. ఇంట్లో ఆడవాళ్లు ఏం వేసుకోవాలో కూడా తనే తేల్చే మనిషి, పరువు పేరుతో చట్టాన్నే కర్రలా పట్టుకుంటాడు. సినిమా చూసేటప్పుడు అతన్ని కాదు, అతను మాట్లాడుతున్నప్పుడు గదిలో మిగతావాళ్ల మొహాలు చూడండి. ఎంతమంది తల దించుకున్నారు, ఎవరు తలుపు వైపు చూశారు. అది చూడటం అలవాటైతే సొంత ఇంట్లో కూడా కనిపిస్తుంది. ఒక జాగ్రత్త. పోక్సో చట్టమే చెడ్డదన్న అభిప్రాయంతో కుర్రాళ్లు బయటికి వెళ్తే ప్రమాదం. 18 ఏళ్లలోపు పిల్లలందరికీ రక్షణగా 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన చట్టం అది. సినిమాలో దాన్ని వాడిన తీరు తప్పు. ఈ ముక్క చెప్పకుండా తరగతిలో చూపించొద్దు.

శ్రీకాకుళం యాసలో కులం గురించి గొంతెత్తిన ‘పలాస 1978’ని కూడా వదలొద్దు. దాన్ని ఏ యాప్‌లో వెతకాలో ముందు ‘జస్ట్‌వాచ్’లో చూసుకోండి. పేరు కొడితే ఎక్కడ నడుస్తోందో చూపిస్తుంది. సినిమాలు యాప్‌ల మధ్య తిరుగుతూనే ఉంటాయి కాబట్టి చందా కట్టే రోజునే ఇలా చూసుకోవడం తప్పనిసరి.

కాలేజీ బృందాలకు మా మొదటి సిఫారసు మాత్రం ‘12 యాంగ్రీ మెన్’. 1957, నలుపు తెలుపు, 96 నిమిషాలు, రెండు పీరియడ్లలో సరిపోతుంది. ఇంగ్లిష్ కష్టమైతే 1986 నాటి హిందీ రూపం ‘ఏక్ రుకా హువా ఫైస్‌లా’ ఉంది. హత్య కేసులో ఇరుక్కున్న ఒక కుర్రాడి మీద తీర్పు చెప్పడానికి 12 మంది జ్యూరీ సభ్యులు ఒక గదిలో కూర్చుంటారు. మొదటి ఓటింగ్‌లో 11 మంది కుర్రాడు దోషి అంటారు, ఒక్కడు కాదంటాడు. అతను నిర్దోషి అని కూడా అనడు, మాట్లాడుకుందాం అంటాడు. కాసేపటికి ఒక పందెం లాంటిది పెడతాడు: రహస్యంగా చీటీలు వేయండి, నేను వేయను, పదకొండూ దోషి అని వస్తే నేనూ మీతో కలుస్తాను. ఒక్క చీటీ మారి వస్తుంది. ఒంటరిగా నిలబడటం గొప్పే. రెండోవాడు దొరికేదాకా ఎలా నిలబడాలి అన్నది నేర్చుకోవాల్సిన పని, దాన్ని మెట్టుమెట్టుగా చూపించిన సినిమా ఇది. చివర్లో ఒకాయన ఒక జాతి మనుషులందర్నీ కలిపి విషం కక్కుతుంటే మిగతావాళ్లు ఒక్కొక్కరే లేచి వీపు తిప్పేస్తారు. పెళ్లిళ్లలో, ఆఫీసు భోజనాల దగ్గర ఎవరైనా అలా మాట్లాడినప్పుడు వాదించలేనివాళ్లు చేయగలిగిన పని అది.

సిరీస్‌లలో ఒకటే చెబుతాం, ‘చెర్నోబిల్’. 2019, ఐదు భాగాలు. 1986 ఏప్రిల్ 26 రాత్రి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో రియాక్టర్ పేలాక రేడియేషన్ 3.6 రాంట్‌జెన్ అని అధికారులు పైకి చెబుతారు. ఆ మీటరు చూపగలిగిన గరిష్ఠ అంకే 3.6. ముల్లు అక్కడ ఆగిపోయింది, దాన్నే కొలతగా రాసేశారు. పై నుంచి కింది దాకా అందరికీ ఆ అంకె సుఖంగా ఉంది. అబద్ధం ఆడకుండానే ఒక వ్యవస్థ మొత్తం ఎలా అబద్ధం చెప్పగలదో ఇంతకన్నా బాగా చూపించడం కష్టం. రణస్థలం మండలం కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఉన్న జిల్లా మనది. అనుకూలురైనా వ్యతిరేకులైనా చూడాలి. అయితే ఐదో భాగంలోని కోర్టు ప్రసంగం కల్పితం. సిరీస్‌లో ఆ ప్రసంగం చేసే శాస్త్రవేత్త లెగసోవ్ నిజానికి ఆ విచారణకు హాజరు కాలేదు, ఉలానా ఖొమ్యుక్ పాత్ర చాలామంది శాస్త్రవేత్తలకు కలిపి సృష్టించినది. చివర వచ్చే నిజమైన ఫొటోలు, వివరాలు పోకుండా ఆటోప్లే ముందే ఆపేయండి. సాధారణంగా ఆ బటన్ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లోని ‘ప్లేబ్యాక్’ కింద ఉంటుంది.

చూసే పద్ధతి గురించి రెండు మాటలు. సినిమాకు మూడుసార్లకు మించి ఆపొద్దు, ఎక్కువ ఆపితే పిల్లలు ఫోన్లు తీస్తారు. ఆపిన ప్రతిసారీ ఇవే అడగండి: ఈ గదిలో నిజం ఎంతమందికి తెలుసు, తెలిసీ నోరు మెదపనిది ఎవరు, మాట్లాడితే వాళ్లకు ఏం పోతుంది. ‘నువ్వైతే ఏం చేసేవాడివి’ అని మాత్రం అడగొద్దు. అందరూ వీరులైపోతారు, చర్చ అక్కడితో అయిపోతుంది. ల్యాప్‌టాప్‌ను పాత ప్రొజెక్టర్‌కు కన్వర్టర్‌తో కలిపితే చాలాసార్లు శబ్దం వస్తుంది గానీ తెర నల్లగా ఉంటుంది. అది కేబుల్ లోపం కాదు. హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ ఆ పాత దారిని ఒప్పుకోదు. ల్యాప్‌టాప్ నుంచి ప్రొజెక్టర్ దాకా నేరుగా హెచ్‌డీఎంఐ తీగ ఉండాలి.

ఈ సినిమాలన్నింటికీ కలిపి ఒక లోటుంది. మాట్లాడటం అంటే ప్రసంగం అన్నట్టు చూపిస్తాయి. నిజానికి అది చాలావరకు కాగితం పని. 2010 జులై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీలను (చిత్తడి నేలలను) కాపాడుకోవడానికి నిలబడ్డ జనం మీద పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు అక్కడ కట్టదలచిన థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. వీధిలో గొంతుతో పాటు ఢిల్లీలో అప్పీలు కాగితం కూడా నడుస్తోంది కాబట్టే అది జరిగింది. అందుకే సినిమా అయ్యాక ఒక పావుగంట ఈ సంగతులకు ఇవ్వండి. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు గడువు 30 రోజులు. పనిచేసే చోట లైంగిక వేధింపులైతే ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి, తక్కువమంది ఉంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఇవ్వాలి. సాయం కోసం ఫోన్ చేయాల్సిన నంబర్లు: పిల్లలకు 1098, మహిళలకు 181.

మా మార్కులు: ఈ విషయం వరకు యూట్యూబ్‌కు ఐదుకు నాలుగున్నర, ప్రైమ్‌కు ప్రకటనల వల్ల మూడున్నర, నెట్‌ఫ్లిక్స్‌కు 199 ప్లాన్ మీదైతే నాలుగు, 149 మీదైతే రెండు. చందా కట్టిన రోజునే అకౌంట్‌లోకి వెళ్లి ఆటో రెన్యువల్ రద్దు చేసేయండి. డబ్బు కట్టిన నెల చివరిదాకా అన్నీ మామూలుగానే నడుస్తాయి. యూపీఐతో కట్టినవాళ్లు ఫోన్‌పే, గూగుల్‌పేలోని ‘ఆటోపే’లో కూడా ఆ మ్యాండేట్ రద్దయిందో లేదో చూసుకోండి.